సమస్య రిమోట్‌లోనా.. టీవీలోనా?

పాడైన భాగాన్ని మార్చడం చాలామందికి వస్తుంది. ఏది పాడైందో తేల్చడం కొందరికే వస్తుంది. సర్వీస్ రంగంలో గిరాకీ ఆ కొందరికే! ఈ నైపుణ్యం సాధనకు ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. ఇంట్లో మూలన పడి ఉన్న పాత రిమోట్, చేతిలో ఫోన్ ఉంటే చాలు.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసిన ఓ కుర్రాడు సర్వీస్ సెంటర్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాడనుకుందాం. ఎదురుగా కూర్చున్నాయన బల్ల మీద ఒక టీవీ రిమోట్ పెట్టి అడిగాడు.

‘‘ఈ రిమోట్ పనిచేయట్లేదు. ఏం చేస్తావ్?’’

‘‘సెల్స్ మార్చి చూస్తా సార్.’’

‘‘మార్చాను. అయినా పనిచేయట్లేదు.’’

‘‘అయితే కొత్త రిమోట్ కొనమని చెప్తా సార్.’’

‘‘కొన్నాను. అదీ పనిచేయట్లేదు. ఇప్పుడు?’’

కుర్రాడు తడుముకున్నాడు. ట్రాన్సిస్టర్ గురించి అడిగితే బోర్డు మీద బొమ్మ గీసి చూపించగలడు. మాడ్యులేషన్ అంటే అరగంట మాట్లాడగలడు. కానీ ఈ చిన్న ప్రశ్నకు జవాబు లేదు. అప్పుడాయన అన్నాడు: ‘‘రిమోట్ పాడైందని నీకెవరు చెప్పారు?’’

అసలు విషయం ఈ ప్రశ్నలోనే ఉంది.

ఫిర్యాదు వేరు.. లోపం వేరు

‘రిమోట్ పనిచేయట్లేదు’ అనేది కస్టమర్ చెప్పే ఫిర్యాదు. దానికి అర్థం ‘బటన్ నొక్కితే టీవీ పలకట్లేదు’ అని మాత్రమే. లోపం రిమోట్‌లో ఉండొచ్చు. టీవీలో ఉండొచ్చు. రెండింటికీ మధ్య, గదిలోనే ఉండొచ్చు. ఫిర్యాదునే లోపం అనుకుని వస్తువు మార్చేస్తే కస్టమర్ డబ్బు పోతుంది, సమస్య మాత్రం అలాగే ఉంటుంది. మర్నాడు అదే ఇంటి నుంచి మళ్లీ ఫోన్ వస్తుంది. టెక్నీషియన్ పేరు పోయేది అక్కడే.

అందుకే అనుభవజ్ఞులు మొదట ఏ భాగాన్నీ మార్చరు. సమస్యను రెండు ముక్కలు చేస్తారు. లోపం ఏ ముక్కలో ఉందో తేల్చుకుని, దాన్ని మళ్లీ రెండు చేస్తారు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇది బైనరీ సెర్చ్‌గా తెలిసిందే. రిమోట్ మీద దీన్ని ఎలా ప్రయోగించాలో చూద్దాం.

ఒక్క నొక్కు.. ఆరు మెట్లు

బటన్ నొక్కాక వరుసగా ఆరు పనులు జరుగుతాయి.

1. రెండు సెల్స్ నుంచి సుమారు 3 వోల్టుల విద్యుత్తు సర్క్యూట్‌కు అందుతుంది.

2. రబ్బరు బటన్ కింద ఉన్న నల్లటి కార్బన్ బిళ్ల, బోర్డు మీది రెండు గీతలను కలుపుతుంది.

3. ఏ బటన్ నొక్కారో చిప్ గుర్తించి, దానికి తగిన కోడ్ తయారుచేస్తుంది.

4. ఒక ట్రాన్సిస్టర్ ఆ కోడ్ ప్రకారం ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పుతుంది. కొన్ని రిమోట్లలో ఈ పని కూడా చిప్పే చేస్తుంది.

5. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి గదిలో ప్రయాణిస్తుంది.

6. టీవీ ముందు భాగంలోని రిసీవర్ దాన్ని పట్టుకుని, లోపలి ప్రాసెసర్‌కు అందిస్తుంది.

ఇందులో సరిహద్దు ఎక్కడుంది? నాలుగో మెట్టుకూ, అయిదో మెట్టుకూ మధ్య. రిమోట్ నుంచి కాంతి బయటికి వస్తోందా, లేదా? మొదటి పరీక్ష అక్కడే పెట్టాలి.

ఫోన్ కెమెరానే పరికరం

టీవీ రిమోట్లలో ఎక్కువగా వాడే ఎల్‌ఈడీ కాంతి తరంగదైర్ఘ్యం 940 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మన కన్ను సుమారు 700 నానోమీటర్లు దాటితే దాదాపుగా చూడలేదు. కెమెరా సెన్సర్ మాత్రం చూడగలదు. ఫోన్ కెమెరా తెరిచి, రిమోట్ ముందు భాగాన్ని దానివైపు తిప్పి బటన్ నొక్కి పట్టుకోండి. తెర మీద ఊదా రంగులోనో, తెల్లగానో మినుకు మినుకుమంటే కాంతి వస్తున్నట్లే.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కెమెరాలో ఏమీ కనిపించకపోతే ‘రిమోట్ పోయింది’ అని తేల్చేస్తారు. చాలా ఫోన్ల వెనుక కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకునే ఫిల్టర్ ఉంటుంది. సెల్ఫీ కెమెరాలో ఎక్కువసార్లు బాగా కనిపిస్తుంది. కాబట్టి ముందు బాగా పనిచేస్తున్న మరో రిమోట్‌ను అదే కెమెరా ముందు పెట్టి చూడండి. అది కనిపిస్తేనే మీ కెమెరా ఈ పరీక్షకు పనికొచ్చినట్లు. పరికరాన్ని పరీక్షించాకే వస్తువును పరీక్షించాలి. ఏ ల్యాబ్‌లోనైనా ఇదే మొదటి పాఠం.

ఫలితం మూడు రకాలుగా ఉండొచ్చు. నొక్కితే మెరుస్తుంది, నొక్కినా మెరవదు, నొక్కకుండానే మెరుస్తూ ఉంటుంది. మూడోది కనిపిస్తే ఏదో బటన్ లోపల ఇరుక్కుపోయిందనో, బోర్డు మీద టీనో, కూల్‌డ్రింకో ఒలికి రెండు గీతలను కలిపేసిందనో అనుమానించాలి. ‘కొత్త సెల్స్ వేస్తే వారానికే అయిపోతున్నాయి’ అనే ఫిర్యాదుకు తరచూ కారణం ఇదే.

నొక్కినా వెలుగు రాకపోతే..

సెల్స్: మల్టీమీటర్‌తో కొలిస్తే కొత్త సెల్ 1.5 వోల్టులు, కాస్త ఎక్కువే చూపిస్తుంది. అయితే అరిగిపోయిన సెల్ కూడా ఒక్కోసారి 1.4 చూపించి మోసం చేస్తుంది. కారణం, మీటర్ దాదాపు కరెంటే తీసుకోదు. ఎల్‌ఈడీ మాత్రం వెలిగిన ఆ క్షణంలో గట్టిగానే లాగుతుంది. అందుకే సెల్ రిమోట్‌లో ఉండగా, బటన్ నొక్కి పట్టుకుని కొలవాలి. రీడింగ్ బాగా పడిపోతే ఆ సెల్ పనైపోయినట్లే. కొత్తదీ, పాతదీ కలిపి వేయకూడదు.

స్ప్రింగులు: రిమోట్‌ను అరచేతిలో రెండు దెబ్బలు కొట్టడం, సెల్స్‌ను వేలితో అటూ ఇటూ తిప్పడం మన ఇళ్లలో అందరూ చేసేదే. దాంతో పనిచేసిందా? నవ్వి వదిలేయకండి, అదొక ఆధారం. తిప్పినప్పుడు స్ప్రింగు మీది పలుచని తుప్పు గీసుకుపోయి కరెంటు దారి దొరికింది. అంటే లోపం సెల్‌లో కాదు, కలిసే చోట! దెబ్బకొడితే పనిచేస్తోందంటే ఎక్కడో ఊడీ ఊడని సోల్డర్ అతుకు ఉండొచ్చు. ఆల్కలైన్ సెల్ కారి తెల్లటి పొడి పేరుకుంటే చేతికి గ్లౌజ్ వేసుకుని, ఇయర్ బడ్‌ను నిమ్మరసంలోనో, వెనిగర్‌లోనో ముంచి తుడవాలి. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, బాగా ఆరాకే సెల్స్ వేయాలి.

చిప్ బిగుసుకుపోవడం: సెల్స్ తీసేసి, బటన్లన్నీ కొన్ని సెకన్లు నొక్కండి. లోపలి కెపాసిటర్‌లో మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. తిరిగి సెల్స్ వేస్తే చిప్ మొదటి నుంచి మొదలవుతుంది. పైసా ఖర్చులేని ఈ పనిని మరమ్మతుకు ముందే చేసి చూడాలి.

ఎల్‌ఈడీ: సెల్స్ తీశాక, మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి కొలవండి. ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ ఒకవైపు సుమారు 1 నుంచి 1.2 వోల్టులు చూపాలి, తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. బోర్డు మీది ఇతర భాగాల వల్ల రీడింగ్ తేడాగా అనిపిస్తే ఒక కాలు సోల్డర్ తీసి కొలవాలి. కిందపడిన రిమోట్లలో ఎల్‌ఈడీ కాలు విరగడం మామూలే.

రెసొనేటర్: పాత రిమోట్లలో 455 అని రాసిన చిన్న భాగం కనిపిస్తుంది. అది 455 కిలోహెర్ట్జ్ సెరామిక్ రెసొనేటర్. ఆ సంఖ్యను 12తో భాగించండి, దాదాపు 38 వస్తుంది. ఈ 38 సంగతి కాసేపట్లో చూద్దాం. రెసొనేటర్ లోపలి సెరామిక్ పలక పెళుసు. రిమోట్ కిందపడిన మర్నాటి నుంచే పనిచేయలేదంటే దీన్ని అనుమానించాలి. కొత్త రిమోట్లలో చాలావాటికి ఈ పని చిప్ లోపలే జరిగిపోతుంది.

కొన్ని బటన్లే మొరాయిస్తే..

ఇది విద్యార్థులకు మంచి కసరత్తు. ఒక్కో బటన్‌కూ ఒక్కో తీగ వేయాలంటే చిప్‌కు చాలా కాళ్లు కావాలి. అందుకే బటన్లను నిలువు, అడ్డ వరుసలుగా అమరుస్తారు. 5 అడ్డ గీతలు, 8 నిలువు గీతలు ఉంటే 13 తీగలతో 40 బటన్లు నడుస్తాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఒక్క బటనే పనిచేయట్లేదంటే లోపం దాదాపుగా ఆ బటన్ దగ్గరే. కార్బన్ బిళ్ల అరిగి ఉంటుంది, లేదంటే మురికి పట్టి ఉంటుంది. ఒకేసారి నాలుగైదు బటన్లు పోతే అన్ని బిళ్లలూ ఒకే రోజు అరిగాయని అనుకోలేం. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న గీత ఎక్కడో తెగి ఉంటుంది. పైకి ఆ బటన్లు పక్కపక్కనే ఉండకపోవచ్చు. బోర్డు విప్పి గీతల వెంట చూస్తే కలిసే చోటు దొరుకుతుంది.

ఎక్కువగా వాడే వాల్యూమ్, చానల్ బటన్లే ముందు పాడైతే అది అరుగుదల. రబ్బరు షీటునూ, బోర్డునూ మెత్తటి గుడ్డతో, ఆల్కహాల్‌తో తుడవాలి. ఇసుక కాగితంతో మాత్రం రుద్దొద్దు. బోర్డు మీది నల్లటి కార్బన్ పూత లేచిపోతే బాగున్న రిమోట్‌నూ పాడుచేసినవాళ్లమవుతాం.

వెలుగు వచ్చినా టీవీ పలక్కపోతే..

‘కెమెరాలో మెరుస్తోంది, కాబట్టి రిమోట్ బాగానే ఉంది’ అనడం రెండో పొరపాటు. కెమెరా కాంతి వస్తోందని మాత్రమే చెబుతుంది. అందులో సరైన కోడ్ ఉందో లేదో చెప్పలేదు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1955లో అమెరికాలోని జెనిత్ సంస్థ ఇంజినీర్ యూజిన్ పోలీ ఫ్లాష్‌మేటిక్ అనే రిమోట్ తయారుచేశారు. అది ఓ టార్చిలైటులాంటిదే. టీవీ మూలల్లోని ఫొటోసెల్స్ మీద వెలుగు వేస్తే చానల్ మారేది. చిక్కేమిటంటే, కిటికీలోంచి ఎండ పడినా చానల్ మారేది! సాదా కాంతిని సంకేతంగా వాడితే ఇదే తిప్పలు.

ఇప్పటి రిమోట్లు ఆ చిక్కును దాటేది ఇందాకటి 38తోనే. ఎల్‌ఈడీ వెలిగినప్పుడు సెకనుకు సుమారు 38 వేలసార్లు మిణుకుతుంది. రిసీవర్ ఆ వేగంలో మిణికే కాంతినే లెక్కలోకి తీసుకుని, ఎండనూ, మామూలు బల్బునూ పక్కనపెడుతుంది. ఫిలిప్స్ ఆర్‌సీ-5 పద్ధతిలో ఇది 36 కిలోహెర్ట్జ్, సోనీ పద్ధతిలో 40 కిలోహెర్ట్జ్.

విరివిగా వాడే ఎన్‌ఈసీ పద్ధతినే తీసుకోండి. మొదట 9 మిల్లీసెకన్ల వెలుగు, 4.5 మిల్లీసెకన్ల విరామం. తర్వాత 32 బిట్లు. విరామం పొట్టిగా ఉంటే 0, పొడుగ్గా ఉంటే 1. చిరునామా, ఆదేశం రెంటినీ ఒకసారి నేరుగా, మరోసారి తిరగేసి పంపుతుంది. రెండూ సరిపోలకపోతే ఆ సందేశాన్ని తప్పుగా గుర్తించవచ్చు. కాబట్టి వేరే మోడల్ రిమోట్ అయినా, రెసొనేటర్ గాడి తప్పినా కెమెరాలో మెరుపు కనిపిస్తూనే ఉంటుంది, టీవీ మాత్రం పలకదు.

దీన్ని తేల్చడానికి అదే మోడల్‌కు సరిపోయే మరో రిమోట్ తెచ్చి చూడాలి. కొన్ని ఫోన్లలో ఇన్‌ఫ్రారెడ్ పంపే సదుపాయం ఉంటుంది. యాప్‌లో టీవీ బ్రాండ్ ఎంచుకుంటే ఆ ఫోనే రిమోట్ అవుతుంది. దానికి టీవీ పలికితే లోపం రిమోట్‌లోనే. దానికీ పలక్కపోతే అనుమానం టీవీ వైపు మళ్లుతుంది.

అప్పుడు కూడా టీవీని విప్పేయొద్దు. రిసీవర్ కిటికీకి సౌండ్‌బార్ అడ్డుగా ఉందా? స్టిక్కర్ తీయకుండా వదిలేశారా? గదిలోని లైట్లు ఆపితే పనిచేస్తోందా? కొన్ని సీఎఫ్ఎల్, ఎల్‌ఈడీ లైట్ల మిణుకు రిసీవర్‌ను తికమక పెడుతుంది. బటన్ నొక్కినప్పుడు టీవీ ఇండికేటర్ లైటు మినుకుమంటోందా? అలాగైతే సంకేతం లోపలికి చేరుతున్నట్లే. చైల్డ్ లాక్ వంటి సెట్టింగ్‌లు చూడాలి. ఇవన్నీ అయ్యాకే రిసీవర్ మాడ్యూల్ వంతు. టీవీ వెనుక మూత తీసే పని మాత్రం శిక్షకుల సమక్షంలోనే చేయాలి. ప్లగ్ తీసేసినా పవర్ సప్లై కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది.

అన్ని రిమోట్లూ ఒకటి కాదు

వాయిస్ బటన్ ఉన్న స్మార్ట్ టీవీ రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌తో పనిచేస్తాయి. వాటిలో కొన్నింటికి పవర్ బటన్ లాంటి ఒకటి రెండు బటన్లకే ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. కెమెరాలో మెరవలేదని వాటిని పాడైనవాటి లెక్కలో వేయకూడదు. ముందు మళ్లీ పెయిరింగ్ చేసి చూడాలి.

ఏసీ రిమోట్ తీరు ఇంకోలా ఉంటుంది. సాధారణంగా ప్రతి నొక్కుకూ ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాన్ వేగం అన్నీ కలిపి పంపుతుంది. ‘డిస్‌ప్లేలో అంకెలు కనిపిస్తున్నాయి, సెల్స్ బాగానే ఉన్నాయి’ అని కస్టమర్ అంటే నమ్మేయొద్దు. డిస్‌ప్లేకు చాలా తక్కువ కరెంటు చాలు. ఎల్‌ఈడీకి అది సరిపోదు.

మీ టెస్టర్ మీరే చేసుకోండి

టీఎస్‌ఓపీ 38238 లాంటి మూడు కాళ్ల రిసీవర్ ఒకటి, ఎర్ర ఎల్‌ఈడీ, 1 కిలోఓమ్ రెసిస్టర్, మూడు సెల్స్ పెట్టే డబ్బా తీసుకోండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో ఇవి దొరుకుతాయి. సంకేతం లేనప్పుడు రిసీవర్ అవుట్‌పుట్ హైగా ఉంటుంది, సంకేతం వస్తే లో అవుతుంది. కాబట్టి ప్లస్ నుంచి రెసిస్టర్, ఎల్‌ఈడీ మీదుగా అవుట్‌పుట్ కాలికి కలపాలి. రిమోట్ నొక్కితే ఎర్ర ఎల్‌ఈడీ మినుకుమంటుంది. కాళ్ల వరుస ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది. డేటాషీట్ చూడకుండా కరెంటు ఇస్తే రిసీవర్ కాలిపోవచ్చు.

కెమెరా కంటే ఇది ఒక మెట్టు పైన. సాదా కాంతికి కాదు, 38 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో మిణికే కాంతికే పలుకుతుంది. అదే రిసీవర్‌ను ఆర్డ్యునోకు కలిపి, ఉచితంగా దొరికే ఐఆర్‌రిమోట్ లైబ్రరీ వాడితే ఏ పద్ధతి, ఏ చిరునామా, ఏ బటన్ అన్నది తెర మీద అంకెల్లో వస్తుంది. రెండు బటన్లకు ఒకే కోడ్ వచ్చినా, ఏ కోడూ రాకపోయినా లోపం ఎక్కడుందో సులువుగా పట్టేయొచ్చు.

ఒక చూపులో

• ఏ బటన్‌కూ కెమెరాలో వెలుగు లేదు: సెల్స్, స్ప్రింగులు, ఎల్‌ఈడీ, రెసొనేటర్

• నొక్కకుండానే వెలుగు: ఇరుక్కున్న బటన్, బోర్డు మీద తడి

• ఒక్క బటనే పనిచేయదు: కార్బన్ బిళ్ల, మురికి

• కొన్ని బటన్లు ఒకేసారి పోయాయి: తెగిన గీత

• దగ్గరైతే పనిచేస్తుంది, దూరమైతే లేదు: బలహీనమైన సెల్స్, మురికి పట్టిన ముందు భాగం, పక్కకు వంగిన ఎల్‌ఈడీ

• వెలుగు ఉంది, టీవీ పలకదు: తప్పు కోడ్, అడ్డంకి, లైట్లు, రిసీవర్

కెరియర్‌కు ఏం లాభం?

పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడ్, పాలిసెట్ ద్వారా మూడేళ్ల ఈసీఈ డిప్లొమా, ఆపై బీటెక్.. ఏ దారిలో వెళ్లినా లోపాన్ని వెతికే పద్ధతి ఇదే. గృహోపకరణాల సర్వీస్, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో టెస్టింగ్, ఎంబెడెడ్ విభాగాల్లో బోర్డుల డీబగ్గింగ్.. అన్నిచోట్లా వస్తువు పెద్దదవుతుందే తప్ప ప్రశ్న మారదు: ‘లోపం సరిహద్దుకు ఇటా, అటా?’ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్‌ను ప్రారంభించింది. మాన్యువల్స్, విడిభాగాల సమాచారం అందుబాటులోకి వచ్చేకొద్దీ, వాటిని చదివి వాడుకోగల టెక్నీషియన్లకు విలువ ఉంటుంది.

ఇవాళే ఓ పని చేయండి. చుట్టాల, ఇరుగుపొరుగు ఇళ్లలో పాడైపోయాయని పక్కన పడేసిన రిమోట్లు ఓ పది సేకరించండి. ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి. ఫిర్యాదు ఏమిటి? ఏ పరీక్ష చేశారు? ఏం కనిపించింది? చివరికి లోపం ఏది? మీ మొదటి అంచనా తప్పయిన చోట కూడా నిజాయతీగా రాయండి. అలాంటివే ఎక్కువ నేర్పుతాయి. బాగుచేయలేనివాటినీ, అయిపోయిన సెల్స్‌నూ చెత్తబుట్టలో కాకుండా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలో ఇవ్వండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం సర్టిఫికెట్ల ఫైల్‌లో పెట్టుకోండి.

ఇక మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. ‘‘ఈ రిమోట్ పనిచేయట్లేదు. ఏం చేస్తావ్?’’

ఈసారి జవాబు ఇలా ఉండాలి: ‘‘ముందు ఇది ఇన్‌ఫ్రారెడ్ రిమోటేనా అని చూస్తాను సార్. తర్వాత, పనిచేస్తున్న మరో రిమోట్‌తో నా కెమెరాను సరిచూసుకుని, దీన్నుంచి వెలుగు వస్తోందో లేదో చూస్తాను. రాకపోతే రిమోట్ విప్పుతాను. వస్తే ఇదే టీవీకి సరిపోయే ఇంకో రిమోట్‌తో టీవీని పరీక్షిస్తాను. అప్పటిదాకా ఏదీ కొనమని కస్టమర్‌కు చెప్పను.’’